బట్టీ పక్కన మూడు రాత్రులు

జెలెజ్నీ బ్రోద్‌లో జనవరి.
యిజెరా నది అంచుల్లోనే గడ్డకట్టింది,
నడుమ ఇంకా నల్లగా పారుతోంది.
ఫోన్‌లో జ్దిస్లావ ఒక్క మాటే అంది:
"రాదోవాన్, పెట్టె గరగరలాడుతోంది."

గాజు చల్లారడానికి పద్నాలుగు గంటలు.
తొందరపెడితే పగులుతుంది,
అప్పుడే కాదు,
ఓ వారం పోయాక, ఎవరి బల్ల మీదో,
ఎవరూ ముట్టుకోకుండానే.
ఆ పద్నాలుగు గంటల్నీ లెక్కపెట్టేది
పసుపుబారిన ఆ పెట్టె.
నల్ల తెర, తెల్ల అక్షరాలు.
చెప్పింది చేస్తుంది. చెప్పంది చెయ్యదు.
ప్రోగ్రాం ఒటకార్ హ్లూబీ రాసింది.
ఆయన పోయి పదకొండేళ్లు.

సంచిలో మూడు డాస్‌లు వేసుకుని వెళ్లాను.

మొదటిది అందరికీ తెలిసిందే, మైక్రోసాఫ్ట్‌ది.
మూడు ఫ్లాపీల్లో రెండోది మొండికేసింది.
చొక్కా అంచుతో తుడిచి, ఊది, బతిమాలి
ఎనిమిదోసారికి ఎక్కించాను.
మాట కటువు. ఒక్క అక్షరం తప్పితే
"తప్పుడు ఆజ్ఞ" అంటుంది,
రైల్వే గుమాస్తాలా తలెత్తకుండా.
ఆరువందల నలభై కిలోబైట్ల గదిలో
ముందు తన మంచం వాల్చుకుంది.
మిగిలిన చోట ఒటకార్ ప్రోగ్రాం
మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.
పొద్దున ఎనిమిదింటికి గిన్నె తీశాం. బాగుంది.

రెండోది డీఆర్-డాస్.
అంగట్లో ఓడింది గానీ పనిలో ఓడలేదు, నన్నడిగితే.
రాగానే సామానంతా అటకెక్కించి
నడవ ఖాళీ చేసింది.
తప్పు కొడితే
"ఈ మాట గుర్తుపట్టలేకపోయాను" అంటుంది.
తప్పు నీదేనని అనదు.
ఇరవై రెండేళ్లప్పుడు
లిబెరెత్స్‌లో మొదటి జీతంతో కొన్నాను దీన్ని,
బూట్లు కొనాల్సిన డబ్బుతో.
ఆ రాత్రంతా దాని వైపే ఒరిగి కూర్చున్నాను.
తీర్పు చెప్పేవాడు అలా కూర్చోకూడదు.
గిన్నె బాగుంది. మొదటిదానికంటే బాగుందనబోయి
ఊరుకున్నాను.

మూడోది ఫ్రీడాస్.
ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు
తలా ఓ ఇటుక తెచ్చి కట్టిన ఇల్లు.
మిగతా రెండిళ్లకీ తాళాలు పడి చాన్నాళ్లయింది,
దీనికి మాత్రం ఎవరో ఒకరు
ఇంకా సున్నం కొడుతూనే ఉన్నారు.
వేలెడంత పెన్‌డ్రైవ్‌లో వచ్చింది, ఊదే పని లేకుండా.
ప్రోగ్రాం గుమ్మంలోనే ఆపింది:
"నీ నంబరెంత?"
"ఏడు" అంది అమాయకంగా.
ఒటకార్ అయిదుని నమ్మాడు, ఆరుని నమ్మాడు,
ఏడు ఆయన ఊహలోకే రాలేదు.
తలుపు మూసుకుంది.
ఒక ఫైలు తెరిచి ఒక వరుస రాశాను:
ఎవరడిగినా ఆరని చెప్పు.
చెప్పింది. తడబడలేదు.
ఎందుకో నాకే చెవులు వేడెక్కాయి.

ఆ రాత్రి నిద్ర ఆపుకోడానికి
ఒటకార్ రాసిన మూలం తెరిచి చదివాను.
నాలుగొందల వరుసల తర్వాత, ఎవరికోసమో
చెక్ భాషలో ఓ చిన్న మాట:
"అర్ధరాత్రికి గడియారం సున్నా అవుతుంది. ఒక రోజు కలుపు.
గాజుకి అర్ధరాత్రి తెలియదు."
తల ఎత్తేసరికి పన్నెండు.
అంకె సున్నా అయింది. రోజు కలిసింది.
ఉష్ణం నాలుగువందల పన్నెండు,
పదకొండు,
పదకొండు,
పది.
మూడు రాత్రులూ కాపలా కాసిందెవరో
అప్పుడు తెలిసింది.

పొద్దున జ్దిస్లావ మూడు గిన్నెల్నీ
గోటితో మీటి విన్నది.
ఏది దేనిదని అడగలేదు.
"దీంట్లో బుడగ ఉంది," అంది మూడోది పట్టుకుని.
నా గుండె జారింది.
"నా ఊపిరిదిలే, నీ పెట్టెది కాదు."

మూడోదాన్నే ఉంచి వచ్చాను.
రేపు నేను లేకపోయినా
దాన్ని ఎవరో ఒకరు బాగుచేస్తారు.
రెండోదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను,
ఎందుకని అడక్కండి.

కూలి కింద సగం డబ్బు, బుడగ ఉన్న గిన్నె.
తాళంచెవులు వేస్తున్నాను అందులో.
వారం దాటింది.