నిలువు కోత, అడ్డ కుట్టు

టార్టూలో ఫిబ్రవరి. నది మీద మంచు
మనిషి బరువు మోసేంత గట్టిపడింది.
డాక్టర్ బల్ల మీద నా చేతులు,
ఇరవై ఏళ్లుగా తోలు తొడుగులు కుట్టేవి,
ఏం చేయాలో తోచక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"వెనక్కి రాదు" అన్నాను. అంతే అనగలిగాను.
ఏది అని మారికా అడగలేదు.
ఎన్నాళ్ల నుంచి అని అడిగింది.
పెళ్లి కాకముందు నుంచి. పెళ్లి చెదిరాక కూడా.

ఎనిమిది వారాలు ఆయింట్‌మెంట్ రాశాను.
చర్మం కాస్త మెత్తబడింది, బిగువు మొండికేసింది.
ఇవాళ కాగితం మీద రెండు బొమ్మలు గీసింది:
ముందరి చర్మం మొత్తం తీసేయడం ఒకటి.
రెండోది, బిగిసిన చోట చిన్న నిలువు కోత,
దాన్నే అడ్డంగా కుట్టేయడం.
మళ్లీ బిగిస్తే మొదటి బొమ్మే గతి, అంది.

నాకు నవ్వొచ్చింది.
మణికట్టు దగ్గర పట్టేసే తొడుగుని
మా నాన్న అచ్చం ఇలాగే వదులు చేసేవాడు.
పొడవులో రవ్వంత పోతుంది, చుట్టుకొలత పెరుగుతుంది.
పెన్సిలు అడిగి తీసుకుని
"ఈ మూల దారం లాగితే ముడతపడుతుంది, చూసుకోండి" అన్నాను.
తలూపింది,
తోటి పనివాడికి ఊపినట్టు.

కుట్ల దారం దానంతటదే కరిగిపోతుందట.
అలాంటి దారం
నేనింతవరకు వాడలేదు.