రోజుకు ఆరువందల తర్జుమా

హీరుత్ నాకు రోజుకు ఆరువందలిచ్చేది.
అడ్డా మీద ఆడకూలీకి అప్పుడు ఐదొందల యాభై.
ఆ యాభై రూపాయల తేడాకి
నా పేరు రీసెర్చ్ అసిస్టెంట్.

పొద్దున ఆరున్నర, మియాపూర్ అడ్డా.
టిఫిన్ డబ్బాలు, తట్టలు, తలకు చుట్టిన తువ్వాళ్లు,
మేస్త్రీ బండి కనబడగానే దానికేసి ఉరికే చెప్పులు.
ఈమె అడిస్ అబాబా నుంచి
సమాజశాస్త్రంలో డాక్టరేట్ చెయ్యడానికొచ్చి
పని దొరకనివాళ్ల పక్కన గొంతుక్కూర్చునేది,
మోకాళ్ల మీద ప్రశ్నావళి.
పదకొండో ప్రశ్న: మీ స్వస్థలం?

"స్వస్థలం అంటే ఏందమ్మా?" అంది అంజిలమ్మ.
ఊరు, అన్నాను.
"ఏ ఊరు? పుట్టిందా, ఇచ్చిందా, ఇప్పుడు పండేదా?"
కాగితం మీద గీత ఒక్కటే ఉంది.
హీరుత్ దాని కింద ఇంకో రెండు గీసింది.

తర్వాత, రికార్డరు ఎర్రగా వెలుగుతుండగా,
అంజిలమ్మ ఆమెను కిందినుంచి మీదికి చూసి
నాతో అంది:
"ఈ పిల్లకు ఎవ్వరు లేరా ఏంది,
ఇంత దూరమొచ్చి మా బతుకులు అడుగుతుంది?"

నేను ఇంగ్లీషులో చెప్పాను:
మాట్లాడటానికి ఆమెకు అభ్యంతరం లేదట.

ఎందుకలా చెప్పానో
ఇప్పటికీ సరిగ్గా తెలీదు.
ఎండెక్కుతోంది. ఇంకా ఇరవైరెండు ప్రశ్నలున్నాయి.
ముందురోజే ఆమె
విదేశీయుల ఆఫీసులో నాలుగు గంటలు నిలబడి
ఇంటి ఓనరు సంతకం పెట్టని కాగితం
అలాగే పట్టుకుని తిరిగొచ్చింది.
అందుకూ కావచ్చు.

నాలుగేళ్లు.
స్కాలర్‌షిప్ రెండుసార్లు ఆగింది.
గైడు మార్జిన్లో ఎర్రసిరాతో
"సిద్ధాంతం ఎక్కడ?" అని రాశాడు.
చెల్లెలి పెళ్లిని హాస్టల్లో
సిగ్నల్ దొరికే మూడో మెట్టు మీద కూర్చుని చూసింది.
ఈలోగా తెలుగు దానంతటదే ఆమెలోకి ఇంకింది:
ముందు ఆటోవాళ్లతో బేరం,
తర్వాత కూరగాయలామెతో కొట్లాట,
నిద్రలో ఒకసారి "అయ్యో".

ఒక రాత్రి ఫోన్ చేసింది.
పాత రికార్డింగులు మళ్లీ వింటున్నానంది.
"ఇరవై ఒకటో నిమిషం," అంది, తెలుగులో,
"ఆమె అన్నది అది కాదు గదా."

నేను మాట్లాడలేదు.
అట్లాంటి చోట మేం రాసుకునేవాళ్లం,
బ్రాకెట్లో: మౌనం, ఏడు సెకన్లు.

తిట్టలేదు. వాక్యం దిద్దింది.
కృతజ్ఞతల పేజీలో నా పేరు ఉండనిచ్చింది.
తెల్లారి తనే నన్ను లేపి అడ్డాకు తీసుకెళ్లింది.
అంజిలమ్మకు ముందరి పళ్లు రెండు ఊడాయి, గొంతు అదే.
హీరుత్ పక్కన కూర్చుని, రికార్డరు లేకుండా,
"ఉన్నరమ్మా," అంది. "మస్తుమంది ఉన్నరు. దూరం ఉన్నరు."

అంజిలమ్మకు తనడిగిన ప్రశ్న గుర్తులేదు.
"ఎవరు?" అంది. అంటూనే డబ్బా మూత తీసి
జొన్నరొట్టె సగం చించి ఆమె చేతిలో పెట్టింది.

నేను ఊరికే నిలబడ్డాను,
మోసుకెళ్లడానికి ఎవరి మాటా లేక.
మేస్త్రీ బండి వచ్చి ఆగింది.
ఇంజను ఆపకుండానే
వేలితో లెక్కపెట్టాడు:
అంజిలమ్మ, హీరుత్, నేను.
"ముగ్గురు. ఎంతకొస్తరు?"