వరస కలిపే పని

అంబోన్ రేవులో పొద్దుటి నుంచీ వాన.
మర్లెన్ గది పైకప్పు కారుతోంది.
కంప్యూటరు పక్కన గిన్నె, గిన్నెలో చుక్క, చుక్కకో చప్పుడు.
తెర మీద ఇంకో రెండు గదులు:
సోంగ్‌ఖ్లాలో ఒరఫిన్, నోట్లో ఇంకా మింగని అన్నం;
నాంపెన్‌లో కుంథియా, వెనక గోడకు ఆగిపోయిన గడియారం.
ముగ్గురిదీ కాని ఇంగ్లీషులో ముగ్గురూ
మనుషుల్ని లెక్కపెడుతున్నారు.

నా దగ్గర నూట నలభై, అంటుంది మర్లెన్,
చేపల పడవల మీంచి దింపినవాళ్లు.
నా దగ్గర తొంభై రెండు,
కాగితాల్లేకుండా సరిహద్దు దాటినవాళ్లు.
నా దగ్గర అరవై ఏడు,
పనికని వెళ్లి ఫోను ఎత్తనివాళ్లు.
ఒక చోట బాధితుడు, ఒక చోట నేరస్థుడు,
పుట్టిన చోట వట్టి తప్పిపోయినవాడు.
కూడితే ఎంత?
కూడకూడదు. అదే చిక్కు.

మొదటి ఏడాది ఫారాలే కుదరలేదు.
ఒకరికి వయసు చాలు, ఒకరికి పుట్టిన తేదీ కావాలి.
ఒకరి దాంట్లో "వృత్తి" అని గడి ఉంది గాని
జీతం ఎన్నాళ్లు ఎగ్గొట్టారో రాసే గడి లేదు.
"ఇష్టపడే వెళ్లాడా?"
అవును, కాదు. రెండే.
ఇష్టపడి పడవెక్కి
దిగనివ్వక నాలుగేళ్లు నీళ్లమీదే ఉన్నవాడు
ఏ గడిలో కూచోవాలి?
ఆ ఒక్క గడి కోసం పదకొండు నెలలు ఉత్తరాలు.
ఈలోగా ఒక మంత్రి మారాడు. మళ్లీ మొదటికొచ్చింది.

పేర్లు పంపుకోరు. అది నియమం.
దళారికీ చదువొచ్చు.
పేరు దాని దేశంలోనే ఉండిపోతుంది.
సముద్రం దాటేవి కొన్ని అంకెలు,
ఎడమ చెవి కింద కాలిన మచ్చ,
కుడిచేతికి రెండు వేళ్లు తక్కువ,
ముంజేతి మీద పచ్చబొట్టు, పులి.
ఒరఫిన్ దగ్గర "పిల్లి" అని రాసుంది.

పిల్లి. పులి.
మర్లెన్ కుర్చీ ముందుకు జరుపుకుంది.
ఎటు చూస్తోంది?
మోచేతి వైపు.
తోక?
సగమే. డబ్బులు చాల్లేదని చెప్పాడట.
కుంథియా చాలాసేపు మాట్లాడలేదు.
ఆమె బల్ల మీద
ఒక చెల్లెలు వేలిముద్ర వేసిన కాగితం:
"అన్న చేతిమీద పులికి తోక పూర్తవలేదు,
వచ్చాక వేయించుకుంటానన్నాడు."

మూడు వరసలు, దేశానికొకటి.
మూడింటినీ ఒకటి చేయడాన్ని
వాళ్ల భాషల్లో ఏమంటారో నాకు తెలియదు.
మన దగ్గర దాన్ని
వరస కలపడం అంటారు,
ముక్కూమొహం తెలియనివాళ్లని
బాబాయి, వదిన అని పిలవడానికి.

మొత్తంలో రెండు తగ్గాయి.
సోమవారం పై అధికారి అడుగుతాడు,
కిందటి నెల కన్నా తక్కువేమిటి, పని సాగడం లేదా అని.
ఏం చెప్పాలో మర్లెన్ ఇంకా అనుకోలేదు.

అడుగున ఒక వరస మిగిలింది.
పడవ నంబరు చెరిపేసి ఉంది.
వయసు ఇరవై కావచ్చు. మాట్లాడడు.
ఒంటి మీద ఏ గుర్తూ లేదు.
ఖాళీ వరసలు తీసేయమని సూచనల్లో ఉంది.

గిన్నె నిండింది.
కిటికీలోంచి పారబోసి, మళ్లీ అదే చోట పెట్టి
మర్లెన్ అడిగింది:
నిద్రలో ఏమైనా అంటాడేమో
రాత్రి కాపలావాణ్ని కనుక్కోనా?
ఒరఫిన్ అన్నం మింగింది.
ఉంటాం, కనుక్కో, అంది.