ఆఖరి గడి

రికార్డు గది కిటికీకి అవతల
డయాలిసిస్ వార్డు మెట్లు.
అక్కడ కూర్చున్నవాళ్లు చాలామంది ఉద్దానం వాళ్లు.
కిడ్నీ అనగానే శ్రీకాకుళంలో
అందరూ నీళ్లబిందె వైపే చూస్తారు.

నా దగ్గరున్నవి వేరే పేర్లు.
కిడ్నీలో కేన్సరు గడ్డ. అరవై మూడు మంది.
పీజీ చదివే డాక్టరమ్మకి థీసిస్,
నాకు రిజిస్టరులో గడులు నింపే పని.

వయసు. ఆడా, మగా. కుడా, ఎడమా.
బీడీ కాలుస్తారా. బీపీ ఉందా.
గడ్డ ఎన్ని సెంటీమీటర్లు.
కోసింది ఏ రోజు.
ఆఖరి గడి: ఉన్నారా, లేరా.
సున్నా అంటే ఉన్నట్టు,
ఒకటి అంటే పోయినట్టు.
మొదటి రోజు తిరగేసి రాశాను.
పదకొండింటికి పన్నెండు మందిని చంపేసి
భోజనానికి లేచేలోపు బతికించాను.

ఫోను చేసి అడగాలి.
ఎలా అడగాలో ఎవరూ చెప్పలేదు.
"బాగున్నారా" అని మొదలుపెడతాను.
"ఎవులమ్మా?" అంటుంది అటు గొంతు.
పాలకొండ నుంచి ఒకావిడ:
"ఉన్నాడంటే ఉన్నాడమ్మా,
మంచం మీద దుప్పటి ఉన్నట్టు."
దానికి అంకె లేదు.
సున్నా వేసి, కాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

సోంపేట, మడ్డు తవిటినాయుడు, యాభై ఎనిమిది, ఎడమ.
ఉచ్చలో నెత్తురు పడితే వేడి చేసిందనుకున్నాడు.
ఏడు నెలలు సబ్జా నీళ్లు, పలచటి మజ్జిగ.
వచ్చేసరికి పదకొండు సెంటీమీటర్లు,
ఊపిరితిత్తుల్లో చల్లినట్టు ఆవగింజలు.
"మా నీల్లేనా బాబూ?" అని అడిగాడట.
అవుననడానికీ కాదనడానికీ
డాక్టర్ల దగ్గర కాగితం లేదు.
పద్నాలుగు నెలలు. ఒకటి.

రాజాం, గేదెల పైడితల్లి, నలభై తొమ్మిది.
కడుపునొప్పికి స్కాను తీస్తే
వెతికిన రాళ్లు దొరకలేదు,
వెతకనిది దొరికింది, రేగుపండంత.
విశాఖలో కోయించుకుని బస్సులో వచ్చింది.
ఫోనెత్తి, "పెసరచేలో ఉన్నాను, తరవాత సెయ్యి" అని
ఠక్కున పెట్టేసింది.
ఇంత హాయిగా ఎప్పుడూ సున్నా వెయ్యలేదు.

డాక్టరమ్మ కంప్యూటరులో గీత చూపించింది,
ఎడమ నుంచి కుడికి దిగే మెట్లు.
ఎవరైనా పోతే ఒక మెట్టు.
మొదటి ఏడాది గబగబా దిగింది,
ముదిరాక వచ్చినవాళ్లు.
తర్వాత చాలా దూరం చదును,
ఎండాకాలం నాగావళి ఇసకలా.
ఆ చదును మీద అక్కడక్కడ సన్నటి నిలువు గాట్లు.
"ఇవేంటి మేడం?"
"జాడ తెలియనివాళ్లు. అక్కడితో లెక్కలోంచి వదిలేస్తాం."

ఎనిమిది గాట్లు.
అందులో ఒకటి సూరాడ దాలయ్య.
నలభై ఒకటో నెలలో, ఒక్క కిడ్నీతో,
వెరావల్ వెళ్లి బోటెక్కాడు.
మీరు డయల్ చేసిన నంబరు
మనుగడలో లేదు, అంది యంత్రం.
థీసిస్ పేరులోనూ ఆ మాటే ఉంది,
ఇంగ్లీషులో.

థీసిస్‌కి అట్ట వేశారు. డాక్టరమ్మ కర్నూలు వెళ్లిపోయింది.

నిన్న వాన.
గుమ్మంలో ఒక మనిషి చొక్కా ఎత్తి
నడుం పక్కన జానెడు కుట్టు చూపించాడు.
"నాను దాలయ్యనమ్మా.
ఐదేళ్లకి మల్లీ సూపించుకోమన్నారు గదా.
నాలుగు నెలలు లేటయింది, బోటు ఓనరు ఒగ్గలేదు."
చేతిలో సంచి, అందులో ఎండు నెత్తళ్లు.
గదంతా సముద్రం వాసన.

లెక్క మూసేశారని చెప్పబోయి
"కూర్చో" అన్నాను.
రిజిస్టరు తీశాను.
అరవై నాలుగో నెల. సున్నా.

గట్టిగా ఒత్తినట్టున్నాను,
కింది పేజీలో
తవిటినాయుడి పేరు మీద కూడా
రంగులేని సున్నా ఒకటి పడింది.