గా

సజా అంటే మా దిక్కు శిక్ష.
షార్జా అవుతల గిది ఒగ క్యాంపు పేరు.
శుక్రారం మాపటికి, బట్టలు పిండుకున్నంక,
స్టోర్‌కీపర్ వర్గీస్ ఏసీ డబ్బా అట్ట మీద
మార్కర్‌తోని రెండు ముక్కలు రాసిండు:
ఎ. ద.

"ఎ మ్యాన్ వచ్చిండు. ద మ్యాన్ నీళ్లడిగిండు.
ముందుగాల ఎ. ఎరుకైనంక ద."
గంతే చెప్పి సులేమానీ తాగిండు.
పక్క బెడ్డు సత్తిబాబు, అమలాపురపాయన,
"మన తెలుక్కి ఇయ్యన్నీ లేవండి" అని పెదివి ఇరిచిండు.

నేను లెక్కవెట్టుకున్న.
తొమ్మిదేండ్ల సంది ఫోర్‌మన్ ఫోన్ల
"సెండ్ ఎ మ్యాన్" అనే అంటడు.
ఎవలైతేంది? రెండు చేతులు, ఒగ హెల్మెట్.
కుంచంల గింజకు పేరెవలు వెడతరు?

మొన్న జూలైల జనరేటర్ బందయింది.
దాని పొట్టల చెయ్యివెట్టి, రెండు గంటలు
చెమటతోని మాట్లాడి నడిపిచ్చిన.
తెల్లారి "సెండ్ ద మ్యాన్" అన్నడట.
వర్గీస్ ఉరుక్కుంట వచ్చి చెప్పిండు.
గా దినం బస్సు ఎక్కేటప్పుడు
డోరుకు తలకాయ తాకింది,
గప్పటిదాంక ఎప్పుడు తాకలే.

పదిదినాలకు రాగివైరు చుట్ట మాయం.
"హూ ఈజ్ ద మ్యాన్?"
గదే ద. గదే నోరు.
అందరి కండ్లు నా దిక్కే.
పొద్దుమీకి కంటెయినర్ ఎనుక చుట్ట దొరికింది.
మల్ల ఎవలు ఏ ముక్క అనలే,
ఎ అనలే, ద అనలే.

ద అంటే పీట అనుకున్న. కాదు, టార్చిలైటు.
మొగం మీద పడితె మచ్చ గూడ కనవడ్తది.

రాత్రి సత్తిబాబుకు నిద్రవట్టలే.
"ఇంతకీ ఆ చుట్ట ఎవరు తీసుంటారంటావ్?"
"గా ఫోర్‌మన్‌నే అడుగు."
దిగ్గున లేచి కూసుండు.
మూడేండ్లు నా గా ని ఎక్కిరిచ్చిన మనిషి.
"అదేనయ్యా ద! మీ దగ్గరుందిగా!"
"నీ కాడ గూడ ఉన్నది," అన్న,
"మాకు తలకాయకు, మీకు తోకకు."
కింది బెడ్డు నేపాలాయన, తెలుగు రాకున్నా,
మా నవ్వుకు నవ్విండు.

లీవు ఫారం వర్గీసే నింపిండు.
కారణం కాడ: గోయింగ్ హోమ్.
ఎ ఏది, ద ఏది అని అడిగిన.
"హోమ్‌కు రెండూ అక్కర లేదు,
గ్రామర్ గట్లనే ఉంటది."
నేను నమ్మలే.
ఆయన స్టాంపు కోసం లోపటికి పోయినంక
హోమ్ ముంగట సన్నగ తెలుగుల
గా అని రాసిన.
ఆఫీసుల సదివేటోడు ఒక్కడు లేడు.