నుదుటి బిళ్ళ

మెవులిన్ దీవి రేవులో
పడవలోకి ఎక్కిస్తున్నప్పుడు కూడా
బెలార్మీనో నవ్వుతూనే ఉన్నాడు.
"ఆల్చిప్పల తాడు జారింది, అంతే.
ఇనప గిలక తిరిగొచ్చి డొక్కలో తగిలింది, అంతే.
మా ఆవిడదంతా కంగారు."
ఆవిడ వానపొడిలో నిలబడి ఉంది,
అతని బూటు ఒకటి చేత్తో పట్టుకుని.

నేను పడవ నడిపేవాణ్ణి. వైద్యం తెలీదు.
నీళ్ళు తెలుసు.
పైన అద్దంలా ఉన్నచోటే
అడుగున సుడి కాచుకునుంటుందని తెలుసు.

నర్సు ఎదువీనా జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టింది.
నూట పద్దెనిమిది బై డెబ్భై ఆరు.
"పెళ్ళికొడుకు లెక్క!" అన్నాడు అతను.
చుక్క నెత్తురు లేదు ఎక్కడా.
పక్కటెముకల కింద అరచేయంత నీలం,
అంతే.

అప్పుడు తీసింది సంచిలోంచి
ఈ ఏడే వచ్చిన ఆ బిళ్ళ.
వంద పెసోల నాణెమంత ఉంటుంది.
నుదుట అంటించింది.
సూది లేదు, కోత లేదు.
ఒక ఎర్రటి వెలుగు
తలుపు తట్టకుండా చర్మం లోపలికెళ్ళి
చూసిందేదో చూసి తిరిగొస్తుందట.

ఏం చూస్తుందని అడిగాను, చుక్కాని వదలకుండా.
"చిన్నప్పుడు టార్చి మీద అరచెయ్యి పెట్టుకోలేదూ?
ఆ ఎరుపులో కంటికి ఆనని నలకలుంటాయి.
నెత్తురు పరుగు మీదుంటే అన్నీ అలుక్కుపోతాయి.
నెమ్మదిస్తే ఒక్కొక్కటీ విడిగా తేలుతుంది."

అది నాకు అర్థమైంది.
వాగు ఉరుకుతుంటే అడుగురాళ్ళు కనబడవు.
ఎండబోయే వాగులోనే
రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

తెర మీద వందతో మొదలైన అంకె
ఎనభై ఎనిమిదికి దిగింది.
పట్టీ మాత్రం పాత పాటే: నూట పదహారు.

"ఒళ్ళు గుట్టు గల సంసారం," అంది ఎదువీనా
మెల్లిగా, అతను వినకుండా.
"లోపల చిల్లు పడితే వీధికి చెప్పదు.
ముందు చర్మం వాటా కోస్తుంది, తర్వాత పేగులది.
గుండెకీ మెదడుకీ లోటు రానివ్వక
ఉతికిన చొక్కా తొడుక్కుని బయట తిరుగుతుంది.
అప్పు మొత్తం ఒకేసారి బయటపడేదాకా."

చాప కింద నీరు.
నాకు ఆ చాప తెలుసు.

మా తమ్ముడు ఎలియోదోరో
అటక మీంచి పడ్డాడు, బంగాళదుంపల బస్తాతో సహా.
లేచాడు. దులుపుకున్నాడు.
దొర్లిన దుంపలన్నీ ఏరాడు కూడా.
నాడి పట్టిన పెద్దాయన, రాయిలా ఉన్నాడు, అన్నాడు.
పొయ్యి పక్కన కూర్చుని రెండు కప్పులు మాతే తాగాడు.
మూడో కప్పుకి నీళ్ళు కాగుతున్నాయి.
ఇరవై రెండేళ్ళు.
ఆ కెటిల్ ఇంకా వాడుతున్నాం.

"అచావులో ఆగనా?"
"వద్దు. దాల్కావేకి పోనీ. అంబులెన్సు రేవులో ఉండాలి.
కాస్త్రోలో ఆపరేషన్ గది తెరిచి ఉంచమను."
"పొగమంచు కదా..."
"డెబ్భై తొమ్మిది," అంది.
ఇంజన్ని ఎన్నడూ అంత ఏడిపించలేదు.

బెలార్మీనో ఇంకా ఏదో జోకు చెబుతున్నాడు.
సగంలో ఆపి, చలిగా ఉందన్నాడు.
కాస్త నీళ్ళివ్వమన్నాడు.
ఇవ్వలేదు. నా ఉన్ని టోపీ ఇచ్చాను.
బిళ్ళ కదలకుండా
వెనక్కి లాగి పెట్టింది ఎదువీనా.

పదకొండు రోజులకి
వెనక్కి తీసుకొచ్చిందీ నేనే.
కడుపులో లీటరున్నర ఉందట, ప్లీహం తీసేశారట.
కుట్లు పడ్డా మనిషి మారలేదు,
టోపీ తిరిగివ్వలేదు.

ఆ రాత్రి దీపం ఆర్పి
టార్చి మీద అరచెయ్యి పెట్టాను.
చాలాసేపు చూశాను.
నలకలేమీ లేవు,
నా కంటికి ఒకటే ముద్ద ఎరుపు.

కెటిల్ కూత పెట్టింది.
లేచి దించాను.