బ్లేడు మీద నీళ్ళు

కర్నూలు, గాయత్రి ఎస్టేటు, మూడో అంతస్తు.
లిఫ్టు పనిచేయదు.
డబ్బీ చల్లారకుండా చొక్కా లోపల పెట్టుకుని
ఎదురు లాడ్జి నుంచి మెట్లెక్కి వచ్చినాడు లాలెప్ప.
బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో పదకొండేండ్లు;
కనుబొమల్లో ఇంకా నాపరాయి పిండి.

నేను రెండు ట్యూబుల్లో పోస్తాను.
ఒకటి వాళ్ళది.
రెండోది పరిశోధనది. సంతకం ఉంది,
కాగితం చదివి వినిపించినాను కూడా.
రెండోదాంట్లో ఒక్క చుక్క వేస్తాను,
మంచుపెట్టెలో హైదరాబాదు బస్సెక్కి వచ్చిన చుక్క.

"ఏం మందు మేడం అది?"
మందు కాదు. మనిషి ఒంట్లో ఉండేదే.
నీకు తక్కువ పడింది.
"మరి ఇదెవరి ఒంట్లోది?"

ఎవరిదీ కాదు లాలెప్పా.
మనిషి రాతలోంచి ఒక్క పంక్తి కాపీ తీసి
కంటికానని పురుగు పొట్టలో అతికిస్తే
అది ఏమీ తెలియకుండా, స్టీలు పీపాలో,
రాత్రంతా వండి పెడుతుంది.

కాసేపు ఊరుకున్నాడు.
"అయితే పుట్టేది నా బిడ్డేనా?"

ఆ ప్రశ్నకి పుస్తకంలో జవాబుంది,
నా నోట్లో లేదు.
గాలి సంగతి చెప్పినాను.
బతికించే గాలే లోపల నిప్పురవ్వలు రాలుస్తుందని,
తోక మొదట్లో ఇంజను, దానికానుకునే తల,
తలలో ఒక మూట,
మూటలో మీ జేజి ముక్కు, నీ ఎడమచేతివాటం.
రవ్వ పడితే మూట కాలుతుంది.
ఈ చుక్క రవ్వనార్పుతుంది. మూట విప్పదు.

"బ్లేడు మీద నీళ్ళా?" అన్నాడు.
"రాయి కోసేటప్పుడు నీళ్ళాగితే
బ్లేడు ఎర్రగా కాలి పళ్ళు రాలతాయి.
నీళ్ళు రాయిని కొయ్యవు మేడం,
కొయ్యనిస్తాయి."

నేను ఆరేండ్లు చదివింది అదే.

బెంచీ మీద కాశింబీ నవ్వు దాచుకోలేదు.
"ఏడేండ్లు తాయెత్తులన్నీ నా మెడకే కట్టినారు.
ఒక్కరన్నా ఈయన్ని డబ్బీ పట్టుకోమన్లేదు."

కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది.
బొటనవేలి కింద కౌంటరు టిక్కు టిక్కు.
మొదటి ట్యూబులో ఈదేవి నూటికి పంతొమ్మిది.
రెండోదాంట్లో నలభై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టినాను. నలభై.

లాలెప్ప కన్ను ఆనించి చూసినాడు, చానాసేపు.
"ఇంతమందా..."
ఎందుకో నెత్తి మీది తువాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆ నలభై మాకిస్తే ఏం మేడం?"
కాగితం ఒప్పుకోదు. ఇంకా పరీక్షల్లోనే ఉంది.
ఎన్నేండ్లు పడుతుందో తెలీదు.
పంతొమ్మిదిలో ఒక్కటి చాలు, అన్నాను.
నిజమే అది. గొంతే నాది కాదు.

సాయంత్రం ఐదున్నరకి
రెండో ట్యూబులో బ్లీచింగు నీళ్ళు పోసి
సింకులో వంపాలి. నియమం.
బ్లీచింగు చేసేదీ ఆ నిప్పు పనే,
ఏ చుక్కా ఆర్పలేనంత.

ఐదున్నరయింది.
ఐదూ నలభై.
సీసా మూత తీసి పక్కన పెట్టి
ఇంకొక్కసారి స్లైడు మీదికి వంగినాను.

ముప్పై ఏడు.